అకిలీజ్ 'ఢిల్లీ' యైన కథ

సంతలో పాత యెద్దును బేరమాడు రైతు దాని పండ్లు చూచును, నడక చూచును. పూర్వపు యజమాని దానిచే నే పని చేయించెనో విచారించును. ఒక జాతి పాత యుద్ధనౌకను కొనునపుడును ఇట్టి విచారణ యుచితమే. స్వాతంత్ర్యము లభించిన మరుసటి యేడు భారతదేశము బ్రిటను నుండి ఒక పాత క్రూయిజరును కొనెను. 1948 జూలై 5వ తేదీన అది 'ఢిల్లీ' యను పేర మన నౌకాదళమున చేరెను. నిన్నటి పాలకులు వాడి విడిచిన నౌకకు మన రాజధాని పేరు పెట్టుట గౌరవమేనా యను ప్రశ్న సహజము. ఆ నౌక చరిత్రయే దానికి సమాధానము చెప్పునని మేము తలచుచున్నాము.

దాని తొలి పేరు 'అకిలీజ్'. ఇంగ్లండులోని బిర్కెన్‌హెడ్ పట్టణమున కామెల్ లెయిర్డ్ కంపెనీవారు నిర్మింపగా, 1932లో నీటిలో దిగి 1933లో కొలువున చేరెను. ఏడువేల టన్నులకు మించిన బరువు, ఆరంగుళముల ఫిరంగులు ఎనిమిది, గంటకు 32 నాటికల్ మైళ్ల వేగము దానికి గలవు. 1939 డిసెంబరు 13వ తేదీ యుదయమున దక్షిణ అమెరికాలోని ప్లేట్ నదీముఖమునకు తూర్పు సముద్రమున ఇది 'ఎక్సెటర్', 'అజాక్స్' అను తోడి నౌకలతో కలిసి జర్మనీ నౌకయగు 'గ్రాఫ్ స్పే'ను తాకెను. ఆ జర్మను నౌక అప్పటికే తొమ్మిది వర్తకనౌకలను ముంచియుండెను. దాని పెద్ద ఫిరంగులు పదునొకండంగుళములవి. విడివిడిగా దానికి సాటిరాని యీ మూడు నౌకలును రెండు వైపులకు చీలి శత్రువు గురిని చెదరగొట్టినవి. ఎక్సెటర్ తీవ్రముగా దెబ్బతినెను. అయినను గ్రాఫ్ స్పే మాంటివీడియో రేవున తలదాచుకొని, 17వ తేదీన తన కెప్టెన్ ఆజ్ఞతోనే ధ్వంసమై మునిగెను. అకిలీజ్‌పై నలుగురు ప్రాణములర్పించిరి. అందలి నావికులలో సగమునకు పైగా న్యూజీలాండువారు.

గ్రీకు గాథలలోని అకిలీజునకు మడమ, మన సుయోధనునకు తొడ మర్మస్థానములు. ఈ నౌకకు దెబ్బ వెనుకభాగమున తగిలెను. 1943 జనవరిలో గ్వాడల్‌కెనాల్ సమీపమున జపాను విమానములు వేసిన బాంబు అచ్చటి ఫిరంగి గోపురము నొకదానిని ఛేదించెను. 13 మంది మరణించిరి. మరమ్మతులో ఆ గోపురమును తొలగించిరి. కావున మనకు దక్కినది ఎనిమిది పెద్ద ఫిరంగుల నౌక కాదు, ఆరింటి నౌక. పండ్లు లెక్కించు రైతు ఈ లెక్కను విడువరాదు.

మన కొనుగోలునకు రెండేండ్ల ముందు, 1946 ఫిబ్రవరిలో, బొంబాయిలో మన నావికులు హీనమైన తిండిని, జాత్యవమానమును సహింపక తిరుగబడియుండిరి. ఇప్పుడా దళమే స్వతంత్రదేశపు పెద్దనౌకను నడుపవలసి వచ్చెను. అయినను 'ఢిల్లీ' తొలి కెప్టెన్ ఆంగ్లేయుడే. అదే యేడు మన నౌకాదళాధిపతిగా వచ్చిన ఎడ్వర్డ్ పారీ, ప్లేట్ నదీయుద్ధమున అకిలీజ్ కెప్టెనుగా నుండినవాడే! నౌకయు పాతది, సేనాపతియు పాతవాడు. ఈ పరాధీనతను దాచి ప్రయోజనము లేదు. కాని ఆ నౌకపై కెప్టెన్ తరువాతి యధికారిగా నుండినవాడు రాందాస్ కటారి. కొనుగోలు ఫలమును ఆయన యెదుగుదలతో కొలువవలయును.

1950 జనవరి 26న మన యుద్ధనౌకల పేర్లకు ముందున్న రాజుగారి బిరుదు తొలగెను. ఆ జూన్‌లో ప్రధాని నెహ్రూ ఈ నౌకపైననే ఇండోనేషియాకు, మనవలెనే దాస్యము వీడిన దేశమునకు, అతిథిగా వెళ్లిరి. ప్లేట్ నదీయుద్ధముపై 1956లో వెలువడిన ఆంగ్ల చలనచిత్రమున అకిలీజ్ వేషమును ఢిల్లీయే ధరించెను. 1958లో కటారి నౌకాదళమునకు తొలి భారతీయాధిపతి యయ్యెను. 1961 డిసెంబరులో గోవా విమోచన సమయమున, ఆయన ఆధిపత్యముననే, ఢిల్లీ ఫిరంగులు డయ్యూలోని పోర్చుగీసు స్థానములపై గర్జించినవి. ఒక సామ్రాజ్యరక్షణకై పోతపోసిన ఫిరంగులు మరియొక సామ్రాజ్యపు శేషమును మన గడ్డనుండి తొలగించుటకు ఉపకరించినవి. ఆయుధమునకు కులము లేదు; పట్టిన చేతిని బట్టియే దాని ధర్మము.

అంతమాత్రమున పాతవానిని కొనుటయే నీతియని మా భావము కాదు. 1948 మార్చిలోనే విశాఖపట్టణమున సింధియా కంపెనీవారు నిర్మించిన వర్తకనౌక 'జల ఉష'ను నెహ్రూ నీటిలోనికి విడిచిరి. కట్టగల చేతులు మనకు లేకపోలేదు. పాత ఢిల్లీ 1978 జూన్ 30న కొలువు చాలించెను. దాని గోపురమొకటి న్యూజీలాండునకు బహూకరింపబడి ఆక్లండు నౌకాదళ స్థావరమున నిలిచినది. ఆ పేరుతో మన మజగాన్ కర్మాగారమున నిర్మితమైన యుద్ధనౌక దళమున చేరుటకు 1997 వరకు ఆగవలసి వచ్చెను. విమానవాహకనౌక 'విక్రాంత్' కథయు నిట్టిదే: 1961లో వచ్చినది బ్రిటను సగము కట్టి విడువగా మనము కొన్నది, 2022లో వచ్చినది కొచ్చిలో మనవారు కట్టినది. కొనుగోలు పత్రమున కనిపించని మూల్యము ఈ యర్ధశతాబ్దపు నిరీక్షణమే.

పాత నాగలితో తొలి చాలు దున్నుట తప్పు కాదు. నాగలి చేయు వడ్రంగిని ఊరిలో నిలుపుకొనని రైతు మాత్రము ప్రతి యేరువాకకును పరుల వాకిట నిలువవలసినవాడే.