లేని ర్యామ్‌కు లెక్కలు

ఫోన్ దుకాణంలో పోస్టరు మీద ‘8+8 = 16 జీబీ ర్యామ్’ అని కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రెండో 8 జీబీ ర్యామ్ కాదన్న సంగతి మాత్రం, ఉంటే గింటే, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. ఫొటోలు, పాటలు దాచుకునే స్టోరేజీలోంచి కోసిచ్చిన ముక్క అది. ఆ తేడా తెలియక డబ్బు పోసేవాళ్లకు కొదవలేదు.

2021 నుంచి ఆండ్రాయిడ్ ఫోన్ల కంపెనీలు కొత్త సరుకులా అమ్ముతున్న ఈ ‘వర్చువల్ ర్యామ్’ ఆలోచన ఆరు దశాబ్దాల నాటిది. 1962లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ప్రారంభమైన అట్లాస్ కంప్యూటర్‌కు ప్రధాన మెమరీ చాలా తక్కువ. దానికి ఆరు రెట్ల సమాచారం గిర్రున తిరిగే అయస్కాంత డ్రమ్ముల్లో పట్టేది. టామ్ కిల్‌బర్న్ బృందం ఆ రెండింటినీ ప్రోగ్రాముకు ఒకే మెమరీలా చూపించింది.

నేటి ఆపరేటింగ్ సిస్టంలు చేసేదీ అదే. మెమరీని ‘పేజీలు’గా, సాధారణంగా 4 కేబీ చొప్పున విడగొడతాయి. ర్యామ్ నిండితే, చాలాసేపుగా ఎవరూ ముట్టని పేజీలను డిస్కులోని స్వాప్ స్థలానికి పంపుతాయి. ఎండాకాలం రాగానే రగ్గులు అటకెక్కించినట్టన్నమాట. ప్రోగ్రాముకు మళ్లీ ఆ పేజీ కావాలంటే, దాన్ని దింపేదాకా ఆగాల్సిందే.

చిక్కంతా ఆ ఆగడంలోనే ఉంది. ర్యామ్‌లోని సమాచారం అందడానికి సుమారు 100 నానోసెకన్లు పడితే, ఎస్‌ఎస్‌డీ నుంచి రావడానికి దాదాపు వెయ్యి రెట్లు, పాతకాలపు హార్డ్ డిస్కు నుంచైతే లక్ష రెట్ల సమయం పట్టొచ్చు. ప్రోగ్రాములు ఆ క్షణాన నిజంగా వాడుతున్న పేజీలకే ర్యామ్ చాలకపోతే, కంప్యూటర్ అసలు పని మానేసి పేజీలు మోస్తూ కూర్చుంటుంది. దీన్నే ‘థ్రాషింగ్’ అంటారు. అప్పుడు స్వాప్ ఎంతున్నా ఫలితం ఉండదని అమెరికా శాస్త్రవేత్త పీటర్ డెనింగ్ 1968లోనే వివరించారు. స్వాప్ కూడా నిండితే లైనక్స్ ఏదో ఒక ప్రోగ్రామును బలిచేసి మిగతావాటిని కాపాడుతుంది.

అలాగని వర్చువల్ ర్యామ్ శుద్ధ మోసమేమీ కాదు. వెనక తెరిచి ఉంచిన యాప్‌లు ఒకటి రెండు ఎక్కువసేపు నిలుస్తాయి. భారీ గేమ్ మాత్రం వేగం పుంజుకోదు. పైగా స్టోరేజీ తరుగుతుంది. ఫ్లాష్ చిప్‌లో ఒకేచోట పదేపదే రాయడానికీ ఒక హద్దుంది. చాలా ఫోన్లలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి దీన్ని ఆపేయొచ్చు. రీస్టార్ట్ చేస్తే ఆ జీబీలు తిరిగి స్టోరేజీలో చేరతాయి.