విదేశీ కారు కొటేషన్: ఆ ధర ఎక్కడి వరకు?

మా హోసూరు బడిలో చదువుకొని, సింగపూరులో ఉద్యోగం చేస్తున్న ఒక పూర్వ విద్యార్థి స్వదేశానికి తిరిగి రావాలని సంకల్పించాడు. వచ్చేటప్పుడు అక్కడ రెండేళ్లు వాడిన ఒక కారును కొని తెచ్చుకోవాలని అతని కోరిక. వ్యాపారి ఇచ్చిన కొటేషన్‌ను నాకు పంపి, “మాస్టారూ, ఇంతేనా ఖర్చు?” అని అడిగాడు. ధర పక్కన ‘సీఐఎఫ్ చెన్నై’ అని ఉన్నది. బయానా పంపక ముందే అడగడం మేలయింది. ఆ రెండు మాటలలోనే చిక్కు అంతా ఉన్నది.

దిగుమతి కొటేషన్‌లో అంకె కంటె ముందుగా చూడవలసినది దాని పక్కనున్న మూడక్షరాలను, ఆపై రేవు పేరును. ఈ సంకేతాలను ప్యారిస్‌లోని అంతర్జాతీయ వాణిజ్య మండలి 1936లో తొలిసారి క్రోడీకరించింది. ఇప్పుడు అమలులో ఉన్నది 2020 నాటి కూర్పు.

‘ఎఫ్ఓబీ సింగపూరు’ అంటే కారును అక్కడి రేవులో ఓడపైకి ఎక్కించే వరకు అయ్యే ఖర్చు మాత్రమే. ఓడ కిరాయి, బీమా కొనుగోలుదారువే. ‘సీ అండ్ ఎఫ్’ అంటే దానికి ఓడ కిరాయి కలిసినది, బీమా ఉండదు. ‘సీఐఎఫ్’లో కిరాయి, బీమా రెండూ కలుస్తాయి. కావున ముగ్గురు వ్యాపారులు మూడు సంకేతాలతో చెప్పిన ధరలను పక్కపక్కన పెట్టి, ఏది చౌక అని నిర్ణయించరాదు. ఓడ కిరాయిని సాధారణంగా ఘనపరిమాణాన్ని బట్టి లెక్కిస్తారు. నాలుగున్నర మీటర్ల నిడివి, 1.8 మీటర్ల వెడల్పు, 1.5 మీటర్ల ఎత్తు గల కారు 12.15 ఘనపు మీటర్లు అవుతుంది.

చాలామంది పొరబడే అంశం మరొకటి. సీఐఎఫ్‌లో కిరాయి అమ్మకందారుడే చెల్లించినా, కారు ఓడ ఎక్కిన క్షణం నుండి నష్టభయం కొనుగోలుదారుదే. నడిసముద్రంలో కారు దెబ్బతింటే బీమా సంస్థను అడుక్కోవలసినది మనమే. పైగా అమ్మకందారుడు కట్టవలసినది కనీస బీమా మాత్రమే. దొంగతనం వంటివి దానిలోకి రావు.

సీఐఎఫ్ ధర మన రేవు దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుండి సుంకం మొదలవుతుంది. మన కస్టమ్స్ వారు సుంకాన్ని సీఐఎఫ్ విలువపైనే లెక్కిస్తారు. కిరాయి, బీమా ఎంతో తెలియనప్పుడు నిబంధనల మేరకు ఎఫ్ఓబీ విలువపై 20 శాతం కిరాయిగా, 1.125 శాతం బీమాగా కలుపుతారు. పది లక్షల కారు అట్లా 12,11,250 రూపాయలవుతుంది. అసలు కిరాయి అంతకంటె తక్కువైతే, చెల్లించని సొమ్ముపై సుంకం కట్టినట్లే. రసీదులు భద్రపరచుకోవాలని చెప్పడం ఇందుకే.

సుంకం కలిపిన మొత్తంపై జీఎస్టీ పడుతుంది. ఉదాహరణకు, సుంకం నూటికి నూరు అనుకుంటే, పది లక్షల విలువపై జీఎస్టీని ఇరవై లక్షలకు లెక్కిస్తారు. వాడిన కార్లపై సుంకం నిజంగానే కారు విలువను మించుతుంది. స్వదేశానికి తిరిగి వచ్చేవారి సామానుకు లభించే రాయితీ కారుకు వర్తించదు. ఆపై రేవు ఖర్చులు, క్లియరింగ్ ఏజెంటు రుసుము, రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఉంటాయి.

ఇక ‘చెన్నై’ అనే మాట. వాడిన కారును మన దేశంలోకి ముంబై రేవు ద్వారానే దిగుమతి చేసుకోవాలి. తయారై మూడేళ్లు దాటి ఉండరాదు, స్టీరింగు కుడివైపున ఉండాలి. కనుక ఆ వ్యాపారి చెప్పిన రేవే చెల్లదు. ముంబై నుండి హోసూరుకు తెచ్చే ఖర్చును కొటేషన్‌లో ఎవరూ వ్రాయలేదు.

అందుచేత సొమ్ము పంపక ముందు మూడు ప్రశ్నలకు వ్రాతపూర్వకంగా జవాబు తీసుకోవాలి. ఈ ధర ఏ రేవు వరకు? బీమా ఉన్నదా, ఉంటే వేటికి? కిరాయి, బీమా విడివిడిగా ఎంత?

మా విద్యార్థి కాగితంపై అన్నీ కూడి చూచుకున్నాడు. కారును అక్కడే విడిచి, ఇక్కడ కొత్తది కొనడానికి నిశ్చయించుకున్నాడు.