వెచ్చని సరస్సు కురిపించే మంచు

2014 నవంబరులో అమెరికాలోని బఫెలో ఊరి ఫుట్‌బాల్ జట్టు సొంతగడ్డ మీద ఆడాల్సిన ఆట డెట్రాయిట్‌కు తరలిపోయింది. మైదానం మంచులో కూరుకుపోయింది మరి. ఊరి దక్షిణ శివార్లలో కొన్నిచోట్ల అయిదడుగులకు పైగా పడింది. వీధి తలుపు తీస్తే ఎదురుగా మంచు గోడ, దాని మీద తలుపు అచ్చు! విచిత్రమేమిటంటే, అక్కడికి ఉత్తరాన కొద్ది మైళ్ల దూరంలో పడింది కొన్ని అంగుళాలే.

ఇంత మంచు పడిందంటే చలి విపరీతమై ఉంటుందని అనుకుంటాం. చలి ఒక్కటే చాలదు. అసలు సరుకు ఇచ్చింది పక్కనున్న ఎరీ సరస్సులోని వెచ్చదనం.

ధనుర్మాసంలో తెల్లవారుజామున చెరువు మీద పొగలు లేవడం చూసే ఉంటారు. నీళ్లేమీ మరగడం లేదు, పైనున్న గాలి కంటే కాస్త వెచ్చగా ఉన్నాయి, అంతే. ఎరీ మీదా ఇదే తంతు, కాకపోతే దాదాపు 390 కిలోమీటర్ల పొడవున. వేసవి వేడి నవంబరుకు ఇంకా నీళ్లలో మిగిలే ఉంటుంది. కెనడా వైపు నుంచి దిగిన గడ్డకట్టించే గాలి దాని మీదుగా వీస్తూ అడుగున వేడెక్కి, తేమ తాగి, పైకి లేచి మేఘమవుతుంది. సరస్సు నీటికీ, కిలోమీటరున్నర ఎత్తులోని గాలికీ 13 డిగ్రీల తేడా ఉంటే చాలు, మంచుకు రంగం సిద్ధమైనట్టే.

మిగతాది గాలివాటం. ఎరీ నైరుతి నుంచి ఈశాన్యానికి పొడుగ్గా పడుకుని ఉంటుంది, ఈశాన్యపు కొసన బఫెలో. గాలి ఆ పొడవునా వీచిందా, మేఘాలన్నీ ఒకే సన్నని పట్టీగా పేరుకుంటాయి. పట్టీ కింద ఉన్నవాడి పని అయిపోయినట్టే, పక్కవాడికి ఎండ కూడా కాయొచ్చు. గాలి కాస్త పక్కకు తిరిగితే పట్టీ మరో పేట మీదికి జరుగుతుంది. ఆ సారి మాత్రం గంటల తరబడి కదల్లేదు.

మనకూ దీనికి దూరపు చుట్టం ఒకటుంది. ఈశాన్య రుతుపవనాల గాలి బంగాళాఖాతం మీద తడి పుంజుకునే కదా నెల్లూరు తీరాన్ని తడిపేది!

గ్రేట్ లేక్స్ అనే అయిదు మహా సరస్సుల్లో ఎరీయే లోతు తక్కువది. చలి ముదిరితే త్వరగా గడ్డకడుతుంది, పైన మంచుపలక మూతపడ్డాక గాలికి తేమ అందదు. వాతావరణం వేడెక్కి ఆ మూత ఆలస్యమైతే ఇలాంటి తుపానులకు మరికొన్ని వారాలు దొరికినట్టే. ఇంకా వేడెక్కితే, అదే తేమ వానగా దిగుతుంది.