టీకా పడని బిడ్డకూ డాక్టరు కావాలి

“కార్డు ఏదమ్మా?” అని నర్సమ్మ అడుగుతుందేమో, టీకాలు వేయించలేదని నలుగురిలో మందలిస్తుందేమో అని జంకి, జ్వరంతో ఉన్న బిడ్డను ఆసుపత్రికి తీసుకుపోని తల్లులు మన పల్లెల్లో లేకపోలేదు. ఊళ్లోని ఆర్.ఎం.పి. దగ్గర సూది వేయించి సరిపెట్టుకుంటారు. అక్కడ జ్వరానికి మందు దొరకవచ్చు గాని, తప్పిపోయిన టీకా దొరకదు. ఇలా, డాక్టరు అవసరం అందరికన్నా ఎక్కువ ఉన్న బిడ్డే డాక్టరుకు దూరమవుతున్నాడు.

ఎందుకు తప్పుతాయి?

మిరప కోతలు వచ్చాయంటే సత్తెనపల్లి చుట్టుపక్కల ఊళ్లకు కర్నూలు వైపు నుండి కుటుంబాలు పిల్లాపాపలతో తరలివస్తాయి. సొంత ఊరి జాబితాలో పేరున్నా బిడ్డ అక్కడ ఉండడు. ఇక్కడ బిడ్డ ఉన్నా జాబితాలో పేరుండదు. మన ఊరి పిల్లల సంగతి వేరు. ఒక ఇంట కూలి పోతుందని, మరో ఇంట మొదటి సూదికి జ్వరం వచ్చిందని మానేస్తారు. ప్రార్థన ఉండగా సూదులెందుకు అనేవారూ కొందరున్నారు. లూకా వైద్యుడే గదా! ప్రార్థించే ఇంటికి డాక్టరు పరాయివాడు కాడు.

తిప్పి పంపుతారా?

అమెరికాలో టీకాలు వద్దనే కుటుంబాలను కొందరు పిల్లల డాక్టర్లు ఇక చూడమంటారు. ఎంత నచ్చజెప్పినా విననివారి విషయంలో అలా చేయవచ్చునని అక్కడి పిల్లల వైద్యుల సంఘం 2016లో చెప్పింది. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో అటువంటి నియమం లేదు. 2023 ఏప్రిల్ 6న మన పల్నాడు జిల్లాలోనే, చిలకలూరిపేట దగ్గరి లింగంగుంట్లలో ఫ్యామిలీ డాక్టర్ పథకం మొదలైంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు 104 వాహనంతో నెలకు రెండుసార్లు ఊరికి రావాలన్నది ఆ ఏర్పాటు. డాక్టరు ఊళ్లోకి వచ్చినా తల్లి గడప దాటకపోతే ఏం లాభం?

ఆలస్యమైతే?

తల్లిదండ్రులారా, ఆలస్యమైందని పూర్తిగా మానవద్దు. బి.సి.జి. ఏడాది లోపు, పోలియో చుక్కలు, తట్టు-రుబెల్లా టీకా ఐదేళ్ల లోపు వేస్తారు. ఏడాది దాటినా పెంటావాలెంట్ ఒక్కటీ పడని బిడ్డకు ఏడేళ్ల లోపు డి.పి.టి. వేస్తారు. మధ్యలో ఆగితే మళ్లీ మొదటినుండి కాదు, ఆగినచోటి నుండే వేస్తారు. కార్డు పోయినా వెళ్లండి. కొద్దిపాటి జలుబు, దగ్గు అడ్డు కావు. సూది తరువాత ఒకటి రెండు రోజులు జ్వరం రావడం మామూలే. తట్టు మాత్రం మామూలు జబ్బు కాదు. అది ఊపిరితిత్తులకు దిగితే ప్రాణం తీస్తుంది, కళ్లకు తగిలితే చూపు పోగొడుతుంది.

సంఘంగా మనం

ఆదివారం ప్రకటనల్లో టీకాల రోజు ఏదో చెప్పవచ్చు. చేలల్లో దిగిన వలస కుటుంబం బిడ్డల పేర్లు ఆశా కార్యకర్తకు అందించవచ్చు. జంకే తల్లికి తోడుగా ఒక సహోదరి ఆసుపత్రిదాకా నడవవచ్చు. నర్సమ్మలకూ ఒక మనవి: “ఇన్నాళ్లూ ఏం చేశావు?” అనేకంటే “వచ్చావు, మంచిదమ్మా” అనండి. ఆ తల్లి మళ్లీ వస్తుంది.