చన్నీళ్లు పడితే... అమ్మాయి!

ఒంటి మీద చన్నీళ్లు పడితే చాలు, పదహారేళ్ల కుర్రాడు అమ్మాయి అయిపోతాడు. మళ్లీ వేణ్నీళ్లు పోస్తేగానీ అబ్బాయి కాడు. అతని తండ్రిది మరీ కష్టం... ఆయన ఏకంగా పాండా అయిపోతాడు! నోట మాట రాదు కాబట్టి చెప్పాలనుకున్నది పలక మీద రాసి చూపిస్తుంటాడు.

జపాన్ టీవీలో 1989 ఏప్రిల్‌లో మొదలైన 'రన్మా 1/2' యానిమే కథ ఇది. కుంగ్‌ఫూ ఫైట్లు, ప్రేమ, హాస్యం కలిపి వండిన ఈ సీరియల్ పేరు మార్చుకుని రెండు భాగాలుగా 1992 దాకా 161 ఎపిసోడ్లు నడిచింది. దీనికి మూలం రుమికో తకహషి బొమ్మల కథ. 1957లో నిగాతలో పుట్టిన ఈ రచయిత్రి 'షోనెన్ సండే' వారపత్రికలో 1987 నుంచి 1996 వరకూ దీన్ని గీశారు. పుస్తకాలుగా 38 సంపుటాలు!

రన్మా, అతని తండ్రి గెన్మా యుద్ధవిద్య సాధన కోసం చైనాలోని జుసెన్‌క్యోకి వెళ్తారు. అక్కడ ఒక్కో గుంటలో ఎప్పుడో ఎవరో మునిగి చనిపోయారు. అందులో పడ్డవాళ్లకి ఆ మునిగినవాళ్ల రూపం వస్తుంది. దారి చూపేవాడు వద్దంటున్నా వింటేగా! కాకినాడ దగ్గర సర్పవరం స్థలపురాణంలో నారదుడు ఒక సరస్సులో మునిగి స్త్రీగా లేచాడనీ, మరో సరస్సులో మునిగి తిరిగి పురుషుడయ్యాడనీ చెబుతారు. ఆయనకి ఒక్కసారితో తీరిపోయింది. రన్మాకి మాత్రం వాన పడినప్పుడల్లా ఇదే గొడవ.

సగం అమ్మాయేగా!

టోక్యోలోని నెరిమాలో గెన్మా స్నేహితుడు టెండోకి ముగ్గురు కూతుళ్లు. వాళ్లలో ఒకరిని రన్మాకిచ్చి చేయాలని తండ్రులు ఎప్పుడో మాటిచ్చుకున్నారు. తీరా అబ్బాయి వచ్చాక అక్కలిద్దరూ తెలివిగా తప్పుకుని చిన్నది అకానెని ముందుకు తోస్తారు. నీకు అబ్బాయిలంటే పడదు, ఇతను సగం అమ్మాయేగా అన్నది వాళ్ల లాజిక్కు! అకానె ఏమన్నా తక్కువదా? తనూ యుద్ధవిద్య నేర్చినదే.

ఇక్కడ ఏ పనైనా పోరాటమే. స్కేటింగ్, జిమ్నాస్టిక్స్, ఆఖరికి టీ అందించే మర్యాదలోనూ కుస్తీలే. జపాన్ అట్లు వేసి అమ్మే ఉక్యో అనే అమ్మాయి నిలువెత్తు అట్లకాడతో యుద్ధానికొస్తుంది. దిక్కులు తెలియని ర్యోగా అయితే ఇంటి దగ్గర్లోని ఖాళీ స్థలానికి చేరడానికి నాలుగు రోజులు తిరుగుతాడు. తడిస్తే అతను నల్ల పందిపిల్ల. ఆ సంగతి తెలియని అకానె దాన్ని ముద్దుగా పెంచుకుంటుంది.

నవ్వుల మధ్య గుచ్చుకునే ఘట్టం ఒకటుంది. వైద్యుడు టోఫు అంటే అకానెకి మూగ ప్రేమ. ఆయన మనసు పెద్దక్క కసుమి మీద ఉందని తెలిసి, అక్కలాగే తనూ జుట్టు పొడుగ్గా పెంచుకుంటుంది. రన్మా, ర్యోగా కొట్టుకుంటుంటే ర్యోగా విసిరిన ఆయుధం తగిలి ఆ జుట్టు కాస్తా తెగిపోతుంది. టోఫు దగ్గరికెళ్లి ఏడుస్తుంది. జుట్టుతోపాటు ఆ ఆశా తెగిందని ఆమెకి తెలుసు. తర్వాత రన్మా తడబడుతూ పొట్టి జుట్టే నీకు బాగుందంటాడు. ఎప్పుడూ వెక్కిరించే నోటి నుంచి ఆ ఒక్క మాట! మిగతా ప్రేమ సంగతంతా దెబ్బలాటల్లోనే నడుస్తుంది. ఆమెకి ఆపదొస్తే అడ్డంపడేది అతనే. ఆమె వండితే పారిపోయేదీ అతనే.

ఒక్కమాట... స్నానాలతో ముడిపడ్డ కథ కావడంతో నగ్నంగా కనిపించే సన్నివేశాలు తరచూ వస్తాయి. ముసలి గురువు హప్పోసాయ్ ఆడవాళ్ల లోదుస్తులు దొంగిలించే వెకిలి చేష్టలకి ఇప్పుడు నవ్వు రాదు. అందుకే చిన్నపిల్లల ముందు పెట్టేలోపు పెద్దలు ఓసారి చూడటం మంచిది.

2024 అక్టోబరులో మాప్పా స్టూడియో ఈ కథని కొత్తగా తీసింది. జపాన్ టీవీతోపాటు నెట్‌ఫ్లిక్స్‌లోనూ వచ్చింది. రెండో సీజన్ 2025 అక్టోబరులో మొదలైంది. విశేషమేంటంటే, అబ్బాయి రన్మాకి కప్పే యమగుచి, అమ్మాయి రన్మాకి మెగుమి హయషిబారా, అకానెకి నొరికో హిదకా... ముప్ఫయ్యేళ్లు దాటాక కూడా అవే గొంతులు!

ఇంతకీ పెళ్లయిందా? బొమ్మల కథ చివర్లో ముహూర్తం దాకా వస్తుంది. పిలిచినవాళ్లూ పిలవనివాళ్లూ కలిసి పెళ్లి పందిరిని యుద్ధరంగం చేసేస్తారు. వధూవరులు మళ్లీ పుస్తకాల సంచులు పట్టుకుని, పోట్లాడుకుంటూ బడికి పరుగెడతారు.