సెన్సార్ మార్చే ముందు

శ్రీశైలం డ్యామ్ దాటి ఈగలపెంట వైపు ఘాట్ ఎక్కుతుండగా డీజిల్ కారుకు పికప్ పడిపోయి, చెక్ ఇంజిన్ లైట్ వెలిగిందనుకుందాం. మెల్లగా అచ్చంపేట చేరి స్కానర్ పెట్టిస్తే, రైల్ ప్రెషర్‌లో తేడా ఉందని కోడ్ వస్తుంది. అంతటితో ఆ ప్రెషర్‌ను కొలిచే సెన్సార్ మార్చేస్తే డబ్బు దండగ కావచ్చు. సెన్సార్ చెడిపోవడం వేరు, ప్రెషర్ నిజంగానే పడిపోవడం వేరు.

1997లో ఆల్ఫా రోమియో 156తో కార్లలోకి వచ్చిన కామన్ రైల్ పద్ధతిలో పంపు డీజిల్‌ను రైల్ అనే ఒక ఉక్కు గొట్టంలోకి గట్టిగా నొక్కి ఉంచుతుంది. ఇంజెక్టర్లన్నీ దాని నుంచే డీజిల్ తీసుకుంటాయి. టైరులో గాలి ఒత్తిడి రెండు బార్ల పైచిలుకు. ఈ రైల్‌లో ఐడిలింగ్‌లోనే 250, 300 బార్లు, బరువు మీద 1,600 బార్లు, కొన్ని ఇంజిన్లలో అంతకన్నా ఎక్కువ. ఆ ఒత్తిడికి సెన్సార్‌లోని పలుచని లోహపు పొర వంగుతుంది. ఆ వంపును సెన్సార్ వోల్టేజీగా మార్చి ఇంజిన్ కంప్యూటర్‌కు పంపుతుంది. సాధారణంగా ఒత్తిడి లేనప్పుడు అర వోల్టు, గరిష్ఠ ఒత్తిడిలో నాలుగున్నర వోల్టులు.

పరీక్ష ఇక్కడే మొదలవ్వాలి. రాత్రంతా ఆగిన బండికి స్టార్ట్ చేయకుండా కీ ఆన్ చేస్తే, స్కానర్‌లో రైల్ ప్రెషర్ సున్నాకు దగ్గరగా ఉండాలి. 200, 300 బార్లు చూపిస్తే లోపం సెన్సార్‌లోనో, వైరింగ్‌లోనో ఉన్నట్టే. అప్పుడు సాకెట్ ఊడదీసి మల్టీమీటర్ పెట్టాలి. మూడు వైర్లలో ఒకదానిలో 5 వోల్టులు రావాలి, ఇంకొకటి సరైన ఎర్త్ కావాలి, మూడోది సిగ్నల్. ఎలుక కొరికిన వైరు, సాకెట్‌లో పట్టిన చిలుము ఇక్కడే బయటపడతాయి. పీ0192, పీ0193 కోడ్లు సిగ్నల్ వోల్టేజీ మరీ తక్కువగానో, మరీ ఎక్కువగానో ఉందని చెబుతాయి కాబట్టి అవి వస్తే ముందు వైరింగే చూడాలి.

పీ0087 సంగతి వేరు. రైల్‌లో ఒత్తిడి తక్కువగా ఉందని దాని అర్థం. కీ ఆన్ రీడింగు, వైర్లు బాగుంటే బండి నడుపుతూ రెండు అంకెలు పోల్చాలి: కంప్యూటర్ కోరుతున్న ప్రెషర్, నిజంగా ఉన్న ప్రెషర్. ఎర్రవల్లి చౌరస్తా నుంచి పెబ్బేరు, కొత్తకోట మీదుగా పోయే జాతీయ రహదారిపై ఒకే వేగంతో వెళ్తుంటే డీజిల్ అవసరం తక్కువ. సగం మూసుకుపోయిన ఫిల్టర్ కూడా సరిపోతుంది. ఘాట్‌లో యాక్సిలరేటర్ నొక్కగానే కోరిన ప్రెషర్ పైకి పోయి, ఉన్నది కిందే ఆగితే సెన్సార్ నిజమే చెబుతోంది. ఫిల్టర్, అందులో చేరిన నీళ్లు, డీజిల్ లైన్లో గాలి, డీజిల్‌ను రిటర్న్ పైపులోకి ఎక్కువగా వదులుతున్న ఇంజెక్టర్, చివరగా పంపు, ఈ వరుసలో వెతకాలి.

ఇంజిన్ నడుస్తుండగా రైల్ పైపులు విప్పకూడదు, లీకేజీని చేత్తో తడమకూడదు. సన్నని ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. గాయం చిన్నగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

గద్వాలలోనైనా, వనపర్తిలోనైనా, షెడ్డుకు వెళ్లినప్పుడు మెకానిక్‌ను అడగండి: కీ ఆన్‌లో ప్రెషర్ ఎంత, ఎత్తు ఎక్కుతున్నప్పుడు కోరినదెంత, వచ్చినదెంత? ఈ అంకెలు చూశాకే సెన్సార్‌కు డబ్బు కట్టండి.