బొల్లారం బంగళా: రెసిడెంటు విడిది నుంచి రాష్ట్రపతి నిలయం దాకా

సికింద్రాబాద్‌కు ఉత్తరాన బొల్లారంలో ఉన్న రాష్ట్రపతి నిలయం ఒంటి అంతస్తు ఇల్లు. చుట్టూ సుమారు 90 ఎకరాల ఆవరణ, అందులో తోటలు, రాతి గుట్టలు, పాత బావులు. ఢిల్లీలోని రాష్ట్రపతి భవన్‌లో 340 గదులుంటే ఇక్కడి ప్రధాన భవనంలో ఉన్నవి 11. అధికారిక వివరాల ప్రకారం దీన్ని 1860లో కట్టారు, అప్పటి పేరు రెసిడెన్సీ హౌస్. నిజాం దర్బారులో బ్రిటిష్ ప్రభుత్వం తరఫున కూర్చున్న రెసిడెంటుకు ఇది ఊరి బయటి విడిది. దేశాధినేత బస చేసే ఇల్లంటే కోటలాంటిదేదో ఊహించుకుని వచ్చేవారికి ఇది కాస్త నిరాశ కలిగించవచ్చు. కానీ దీని చరిత్ర తెలియాలంటే ముందు గమనించాల్సింది ఆ నిరాడంబరతనే.

ఇంగ్లండులో కులీన కుటుంబాలకు రెండు ఇళ్లుండడం పాత ఆచారం. పార్లమెంటు నడిచే రోజుల్లో లండన్ ఇంట్లో ఉండేవారు, మిగతా కాలమంతా పల్లెలోని పెద్ద భవంతిలో గడిపేవారు. వేటలు, విందులు, పెళ్లి మాటలు, ఎన్నికల మంతనాలు అన్నీ ఆ పల్లె భవంతిలోనే సాగేవి. దాన్ని పోషించేది చుట్టూ ఉన్న వేల ఎకరాల భూమి, కౌలు రైతులు కట్టే సొమ్ము. భారతదేశానికి వచ్చిన బ్రిటిష్ అధికారులు ఈ రెండిళ్ల అలవాటును వెంట తెచ్చుకున్నారు. కలకత్తాలోని గవర్నర్ జనరల్‌కు బారక్‌పూర్, మద్రాసు గవర్నరుకు గిండీ అలాంటి విడుదులే. హైదరాబాద్ రెసిడెంటుకు బొల్లారం ఆ కోవలోది. ఒక తేడా మాత్రం చిన్నది కాదు. ఇంగ్లండు భవంతి వెనక భూమి ఉంటే, బొల్లారం బంగళా వెనక పటాలం ఉంది.

రెసిడెంటు అసలు నివాసం, కచేరీ ఇక్కడికి పదకొండు మైళ్ల దూరాన, మూసీ ఒడ్డున ఇప్పటి కోఠీలో ఉండేవి. 1798లో రెండో నిజాం ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార సంధి చేసుకున్న తర్వాత, రెసిడెంటు జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ 1803 ప్రాంతంలో దాని నిర్మాణం మొదలుపెట్టించాడు. మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన శామ్యూల్ రస్సెల్ దాన్ని కట్టాడు. ఎత్తైన కొరింథియన్ స్తంభాలు, వాటి ముందు విశాలమైన మెట్ల వరుస, ఇరుపక్కలా సింహాలు, లోపల రెండంతస్తుల ఎత్తున దర్బారు హాలు. ఖర్చు నిజాముది, దర్పం కంపెనీది. చూడగానే ఎదుటివాడు తగ్గి నడవాలన్నది దాని ఉద్దేశం.

అదే సంధి ఫలితంగా హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన కంపెనీ పటాలాలు దిగాయి. ఆ దండు చుట్టూ పెరిగిన ఊరికి 1806లో మూడో నిజాం సికిందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అని పేరొచ్చింది. జనం నోట ఇప్పటికీ అది లష్కరే. బొల్లారం ఆ లష్కరుకు కూడా ఉత్తర కొసన ఉంది. సముద్ర మట్టానికి 1,890 అడుగుల ఎత్తు, నగరం కంటే ఆరోగ్యకరమైన గాలి. అక్కడ ఉన్నది కంపెనీ సొంత సైన్యం కాదు. నిజాం ఖర్చుతో, బ్రిటిష్ అధికారుల కింద నడిచే హైదరాబాద్ కంటింజెంట్‌కు బొల్లారం ముఖ్య స్థావరం. ఈ సైన్యం జీతాల బాకీ పెరిగి పెరిగి, చివరికి 1853లో నిజాం బేరార్ జిల్లాలను బ్రిటిష్ వారి అజమాయిషీకి ఒప్పగించాల్సి వచ్చింది. ఇంగ్లండు ప్రభువు తన భవంతి కిటికీలోంచి సొంత పొలాలు చూసుకునేవాడు. రెసిడెంటు బొల్లారంలో చూసుకున్నది నిజాం డబ్బుతో కవాతు చేసే సైన్యాన్ని.

1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో రోహిల్లాలు, నగర ప్రజలు కోఠీ రెసిడెన్సీ మీద దాడి చేశారు. ఫిరంగుల ముందు దాడి నిలవలేదు కానీ, నగరం పక్కనే ఉన్న ఆ మహాభవనం ఎంత ప్రమాదంలో ఉందో తేలిపోయింది. మూడేళ్లకు బొల్లారంలో విడిది ఇల్లు లేచింది. ఈ రెంటినీ ముడిపెట్టడం సులువే. అయితే బొల్లారం కూడా అప్పటికి పూర్తిగా ప్రశాంతమైన చోటేమీ కాదు. 1855లో మొహర్రం ఊరేగింపు విషయంలో తలెత్తిన గొడవలో కంటింజెంట్ అధిపతి బ్రిగేడియర్ కోలిన్ మెకంజీ ఇక్కడే తీవ్రంగా గాయపడ్డాడు. చల్లగాలి, సైన్యం పక్కన ఉన్నామన్న భరోసా, ఊరికి దూరంగా ఉండే హోదా, ఈ మూడూ కలిసే ఆ చోటును ఎంపిక చేయించాయనుకోవడం సబబుగా ఉంటుంది. భవనాన్ని నిజాం నాసిరుద్దౌలా కట్టించాడని చాలా చోట్ల రాస్తారు. ఆయన 1857 మే నెలలోనే చనిపోయాడు. 1860లో గద్దె మీద ఉన్నది ఆయన కొడుకు అఫ్జలుద్దౌలా. కాబట్టి తండ్రి పేరూ 1860 సంవత్సరమూ రెండూ నిలవాలంటే, పని తండ్రి హయాంలో మొదలై కొడుకు హయాంలో ముగిసి ఉండాలి.

కట్టడం విషయానికొస్తే, ఇంగ్లండు పల్లె భవంతి నుంచి ఇది తీసుకున్నది బతుకు పద్ధతినే తప్ప ఆకారాన్ని కాదు. ఆ దేశంలో భవంతులు చలికి ముడుచుకుని మూడు నాలుగు అంతస్తులు పైకి లేస్తాయి, గదిగదికీ పొగగొట్టం ఉంటుంది. దక్కను ఎండకు ఆ పద్ధతి పనికిరాదు. ఇక్కడ ఇల్లు నేల మీద వెడల్పుగా పరుచుకుంది. ఈ రకం ఇంటికి మూలం బెంగాల్ పల్లెల ఇల్లు. కంపెనీ అధికారులు దాన్ని పెద్దది చేసి, ప్రతి కంటోన్మెంటులోనూ కట్టుకుంటూ పోయారు.

గదుల పేర్లలో మాత్రం ఇంగ్లండు స్పష్టంగా వినిపిస్తుంది. దర్బారు హాలు, భోజనశాలతో పాటు మార్నింగ్ రూమ్ అనే గది ఒకటుంది. పొద్దుటి ఎండ పడేలా కట్టుకుని, మధ్యాహ్నం లోపు ఇంటివాళ్లు ఉత్తరాలు రాసుకోవడానికీ, దగ్గరివారిని పలకరించడానికీ వాడుకునే గది అది. ఇంగ్లండులో సూర్యుడు అరుదైన అతిథి గనక అలాంటి గది కావాలి. బొల్లారంలో దాని అవసరమేమిటో చెప్పడం కష్టం, అయినా మర్యాద మర్యాదే. దర్బారు హాలు మాత్రం ఇంగ్లండు భవంతుల్లో మామూలుగా కనిపించదు. అది మొఘలాయీ రాచమర్యాదల నుంచి రెసిడెంట్లు అరువు తెచ్చుకున్నది. ఇప్పుడు భవనాన్ని రాష్ట్రపతి విభాగం, కుటుంబ విభాగం, సైనిక సహాయక అధికారుల (ఏడీసీల) విభాగం అని మూడుగా వాడుతున్నారు. ఒక సినిమా హాలు కూడా ఉంది.

ఇంటి మొత్తంలో అన్నిటికంటే ఆసక్తికరమైనది నేల కింద ఉంది. వంటశాల ప్రధాన భవనంలో లేదు, విడిగా ఉంది. వంటశాల నుంచి భోజనశాలకు సొరంగ మార్గం వేశారు. పొయ్యి సెగ, పొగ, నూనె వాసన, నిప్పు భయం ఇంట్లోకి రాకుండా వంటిల్లు దూరంగా పెట్టడం ఆ కాలపు బంగళాలన్నిటికీ మామూలే. వంటవాళ్ల రాకపోకలు కూడా కంటపడకుండా చూడడం పెద్ద భవంతుల ప్రత్యేకత. ఇంగ్లండు భవంతుల్లో నౌకర్లకు వేరే మెట్లు, వేరే నడవలు ఉండేవి. ఒంటి అంతస్తు ఇంట్లో వెనక మెట్లకు చోటు లేదు గనక దారి భూమి కిందికి దిగింది. బల్ల దగ్గర కూర్చున్న అతిథికి వేడివేడి వంటకాలు కనిపించేవి, వాటిని మోసుకొచ్చిన మనిషి నడిచిన దారి కనిపించేది కాదు.

ఆవరణలోని మెట్ల బావులు ఈ ఇంటి నీటి కథ చెబుతాయి. రాతి నేల మీద ఇన్ని ఎకరాల తోట పెంచాలంటే వాననీటిని నిలబెట్టుకోవడం తప్ప వేరే దారి ఉండేది కాదు. బావి నుంచి నీరు తోడి కాలువల్లో పారించే పాత పద్ధతిని ఇటీవల తిరిగి చేసి చూపించారు. ఇంగ్లండు పచ్చికను దక్కను బావి పెంచిందన్న మాట.

1947 ఆగస్టులో బ్రిటిష్ సార్వభౌమత్వంతో పాటు రెసిడెంటు పదవీ రద్దయింది. ఏడాది తర్వాత 1948 సెప్టెంబరులో పోలీసు చర్య, సంస్థానం విలీనం. ఆపైన కేంద్ర ప్రభుత్వం నిజాం నుంచి బొల్లారం భవనాన్ని తీసుకుని రాష్ట్రపతి కార్యాలయానికి అప్పగించింది. మొదటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ కాలం నుంచి ఏటా కొన్నాళ్లు రాష్ట్రపతి ఇక్కడ బస చేయడం సంప్రదాయమైంది. ఎక్కువగా శీతకాలంలో, డిసెంబరులో వస్తారు. గవర్నరు, ముఖ్యమంత్రి, ప్రముఖులతో తేనీటి విందు జరుగుతుంది. దక్షిణాది రాష్ట్రాల పర్యటనలు ఇక్కడి నుంచే సాగుతాయి. రాజ్యం ఢిల్లీలోనే లేదని చూపించడం దీని వెనక ఉన్న ఆలోచన. హైదరాబాద్‌లోనే పుట్టిన జాకిర్ హుస్సేన్‌కూ, తెలుగువారైన వి.వి. గిరి, నీలం సంజీవరెడ్డిలకూ ఢిల్లీ నుంచి ఈ రాక దాదాపు ఇంటికి రావడమే.

ఆ చుట్టుపక్కల బ్రిటిష్ కాలపు గుర్తులకు కొదవ లేదు. బొల్లారంలో 1847 నాటి హోలీ ట్రినిటీ చర్చి ఉంది. 1983 నవంబరు 20న, తన 36వ పెళ్లిరోజున, రెండో ఎలిజబెత్ రాణి అక్కడ ప్రార్థనకు హాజరైంది.

బొల్లారం బంగళా లాంటి ఇళ్లు అన్నిచోట్లా ఇలా అధికారిక వాడుకలో నిలవలేదు. ఇంగ్లండులో ఇరవయ్యో శతాబ్దపు వారసత్వ పన్నులు, నౌకర్ల కొరత, రెండు యుద్ధాలు కలిసి వందలాది పల్లె భవంతులను నేలమట్టం చేశాయి. మిగిలినవి పాఠశాలలు, హోటళ్లు అయ్యాయి, లేదా నేషనల్ ట్రస్టు చేతికి వెళ్లి టికెట్టు కొని చూసే చోట్లయ్యాయి. బకింగ్‌హామ్‌షైర్‌లోని చెకర్స్ భవంతి దారి మరొకటి. దాని యజమాని దాన్ని ప్రధానమంత్రుల విడిది కోసం దేశానికి ఇచ్చేశాడు, 1921 నుంచి అది అలాగే వాడుకలో ఉంది. బొల్లారానికి దగ్గరి చుట్టం అదే. మన దేశంలో సిమ్లా దగ్గర ఛరాబ్రాలో 1850లో కట్టిన చెక్క ఇల్లు కూడా ఇలాగే రాష్ట్రపతి వేసవి విడిది అయింది.

కోఠీ రెసిడెన్సీ సంగతి వేరు. 1949 నుంచి అందులో మహిళా కళాశాల నడిచింది, ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరున్న మహిళా విశ్వవిద్యాలయం. దశాబ్దాల పాటు తరగతులు నడిచిన దర్బారు భవనం క్రమంగా శిథిలమై, వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ సాయంతో మరమ్మతులు చేయాల్సిన స్థితికి వచ్చింది. కట్టడంగా రెంటిలో కోఠీదే గొప్ప, అందులో సందేహం లేదు. అయినా చిన్నదైన బొల్లారం ఇల్లే బాగా నిలిచింది. అందుకు కారణం శిల్పం కాదు, దాన్ని మొదట దేనికి కట్టారో ఇప్పటికీ దానికే వాడుతుండడం. అధికారంలో ఉన్న మనిషి ఏటా వచ్చి దిగే ఇంటికి సున్నం ఆగదు, పైకప్పు కారదు.

తోట మాత్రం స్వతంత్ర భారతంలో రూపు మారింది. ప్రతిభా పాటిల్ కాలంలో ఔషధ మొక్కల వనం వచ్చింది, ప్రణబ్ ముఖర్జీ కాలంలో 27 నక్షత్రాలకు 27 రకాల చెట్లతో నక్షత్ర వాటిక వచ్చింది.

చాలాకాలం వరకు జనానికి ఏటా కొద్ది రోజులే, రాష్ట్రపతి వెళ్లిపోయాక, తోట చూడడానికి అనుమతి ఉండేది. 2023 మార్చి 22న, ఉగాది రోజున, రాష్ట్రపతి ద్రౌపది ముర్ము ఏడాది పొడవునా సందర్శకులకు తలుపులు తెరిపించారు. రాష్ట్రపతుల చరిత్ర చెప్పే జ్ఞాన ప్రదర్శనశాల, పాత గుర్రపు బగ్గీ, రాతి తోటలో శివుడు, నంది శిల్పాలు చూడవచ్చు. భవనం లోపలికీ రానిస్తారు. వంటవాళ్లు నడిచిన సొరంగం గోడల మీద ఇప్పుడు చేర్యాల చిత్రాలున్నాయి. ఊరూరా తిరిగి కులపురాణాలు చెప్పే కథకుల కోసం నకాషీ చిత్రకారులు గుడ్డ మీద ఎర్రటి నేపథ్యంలో గీసే బొమ్మలవి. ఇంటి పనివాళ్లను దాచడానికి తవ్విన దారి సందర్శకులు ఎక్కువసేపు ఆగే చోటైంది.

2023 డిసెంబరులో 120 అడుగుల పాత చెక్క జెండా స్తంభానికి నమూనా నిలబెట్టారు, బాగుచేసిన మెట్ల బావులను, పిల్లల పార్కును ప్రారంభించారు. 2024 సెప్టెంబరులో ఇక్కడ జరిగిన భారతీయ కళా మహోత్సవానికి ఈశాన్య రాష్ట్రాల నేతగాళ్లు, కళాకారులు వచ్చారు. సోమవారాలు, రాష్ట్రపతి బసలో ఉన్న రోజులు తప్ప మిగతా దినాల్లో సాధారణంగా సందర్శకులను అనుమతిస్తున్నారు.